కోడి కడుపులో దొంగలు

(తెలుగు తరగతి విద్యార్థుల ముందు ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం)



మీలో ఎవరెవరి ఇళ్ళలో కోళ్ళున్నాయి? చేతులెత్తండి చూద్దాం. ఆహా, తొమ్మిది చేతులు! అమెరికాలో ఉండి, తెలుగు చదువుకుంటూ, కోళ్ళు కూడా పెంచుతున్నారంటే మాటలు కాదు. మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ పల్లెటూళ్ళలో సాయంత్రం కాగానే కోళ్ళను గంప కింద కమ్మేవారు. మీరు పెరట్లో చెక్కగూడు కట్టించి, దానికి రంగు వేయించి, ఒక్కొక్క కోడికి ఒక్కొక్క పేరు పెట్టి పెంచుతున్నారు. పుంజు మాత్రం మీకు చాలామందికి ఉండదు. అది తెల్లవారుజామున కూస్తే పక్కింటివారి నిద్ర చెడుతుందని చాలా నగరాలలో పుంజును పెంచనివ్వరు. పెట్టలైతే నాలుగో ఆరో పెంచుకోవచ్చునంటారు.

ఇవాళ కోళ్ళ గురించి చెప్పమని మీ పంతులమ్మగారు నన్ను పిలిచారు. కోడి కూతను గురించి, దాని రంగుల ఈకలను గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పశువైద్యుణ్ణి. నాకు తెలిసిందల్లా కోడి కడుపు సంగతి. కాబట్టి కోడి పేగులలో చేరే పురుగులను గురించి చెబుతాను. అప్పుడే ముక్కులు మూసుకోకండి! ఇంకా రెట్టల దాకా రాలేదు.

మన ఊళ్ళలో గొర్రెలకూ మేకలకూ పేగులలో పడే పురుగులను నట్టలు అంటారు. వాటికి తాగించే మందు పేరు నట్టల మందు. మనుషుల కడుపులో చేరేవాటికి ఏలికపాములు, నులిపురుగులు, బద్దెపురుగులు అని రకరకాల పేర్లున్నాయి. కోడికి పట్టేవి సరిగ్గా అవే కావు కాని, అవన్నీ దగ్గర చుట్టాలే. ఇలా మరొక జీవి ఒంట్లో చేరి, దాని తిండి తిని బతికే జీవిని పరాన్నజీవి అంటారు. పర అన్నం, అంటే ఇతరుల అన్నం. పేరులోనే దొంగతనం ఉంది చూశారా? ఆ అన్నం పెట్టే ప్రాణిని ఆతిథేయి అంటారు. పాపం, పిలవని అతిథికి అన్నం పెట్టే ఆతిథేయి మన కోడి.

మొదట ఒక సంగతి తెలుసుకోండి. కోడి తన జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనబడిన పక్షిని గద్ద ముందు తన్నుకుపోతుంది. గద్ద లేకపోయినా తోటి కోళ్ళే పొడిచి మేత దగ్గరికి రానివ్వవు. అందుచేత ఓపిక ఉన్నంతవరకు కోడి తలెత్తుకునే తిరుగుతుంది. అది రెక్కలు వాల్చి, కళ్ళు మూసుకొని మూల కూర్చున్నదంటే జబ్బు అప్పటికి ఎన్నాళ్ళనుంచో ఉన్నదన్నమాట. అందువల్ల అది చెప్పేదాకా ఆగకుండా మనమే వెతకాలి.

ఎలా వెతకాలి? సాయంత్రం చీకటి పడ్డాక కోడి గూటిలో కర్రమీదికి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడది పరుగెత్తదు. మెల్లగా చేతిలోకి తీసుకొని రొమ్ము మధ్య ఉండే ఎముకను తడిమి చూడండి. ఆరోగ్యంగా ఉన్న కోడికి ఆ ఎముకకు రెండు ప్రక్కలా కండ నిండుగా ఉంటుంది. పురుగులు తినేస్తున్న కోడికి కండ కరిగిపోయి, ఎముక కత్తి అంచులాగా చేతికి తగులుతుంది. పైన ఈకలు దట్టంగా ఉంటాయి కనుక ఈ చిక్కిపోవడం కంటికి కనబడదు, చేతికే తెలుస్తుంది. వారానికొకసారి తూకం వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే మరీ మంచిది. తలమీది ఎర్రని జుట్టు పాలిపోవడం, గుడ్లు తగ్గడం, రెట్ట పలచబడడం, ఎంత తిన్నా ఒంటికి పట్టకపోవడం, ఇవన్నీ చూడవలసిన గుర్తులు.

అయితే ఇక్కడ తొందరపడకూడదు. జుట్టు పాలిపోయింది కనుక కడుపులో పురుగులే అని తీర్మానించేవారు చాలామంది ఉన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు, వాళ్ళు కోడి తుమ్మినా నట్టల మందే పోస్తారు. పగలంతా చెక్కల సందులలో దాగి, రాత్రిపూట వచ్చి నెత్తురు పీల్చే చిన్న ఎర్రపురుగులు గూటిలో ఉంటే కూడా జుట్టు పాలిపోతుంది. ఈకలు రాల్చే కాలంలో ఏ కోడీ సరిగా గుడ్లు పెట్టదు. చలికాలం పగటి వెలుతురు తగ్గినప్పుడూ అంతే. కోడిపిల్ల నెత్తురు కలిసిన రెట్ట వేస్తే అది తరచు కాక్సిడియా అనే ఏకకణజీవి పని. అది పురుగు కాదు, నట్టల మందు దాన్ని ఏమీ చేయలేదు. ఆ మందు పోసి, తగ్గుతుందిలే అని మూడు రోజులు కూర్చుంటే ఈలోగా పిల్లలు చచ్చిపోతాయి.

ఇక రెట్టల సంగతి. ఇప్పుడు మూసుకోండి ముక్కులు! రెట్టలో ఏదో పొడుగ్గా కనబడగానే పురుగని భయపడనక్కరలేదు. పేగు లోపలి పొర అప్పుడప్పుడు కొంచెం ఊడి, నారింజరంగు పీలికలుగా బయటికి వస్తుంది. అది మామూలే. రోజులో వేసే రెట్టలలో కొన్ని గోధుమరంగులో బంకగా, విపరీతమైన వాసనతో ఉంటాయి. అవీ మామూలే, వాటి సంగతి తరవాత చెబుతాను. పాత రెట్టలో లుకలుకలాడే తెల్లని పురుగులు ఈగల పిల్లలు. అవి కోడి కడుపులోంచి వచ్చినవి కావు, బయట పుట్టినవి. అందుకని చూడవలసింది అప్పుడే వేసిన తాజా రెట్టను.

దానిలో తెల్లగా, రెండు కొసలూ సన్నబడి, పెన్సిలు ములుకంత లావున, మీ వేలంత పొడుగున్న పురుగు కదులుతూ కనబడిందనుకోండి. అది కోడి ఏలికపాము. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు అస్కారిడియా గాలై. కోళ్ళకు పట్టే గుండ్రని పేగుపురుగులలో పెద్దది ఇదే. చిన్నపేగులో ఉంటుంది. పెద్దదైతే పది సెంటీమీటర్లు కూడా దాటుతుంది. ఇలాంటివి నలభై యాభై ఒక చిన్న పిల్ల పేగులో చేరాయంటే దారి మూసుకుపోయి మేత దిగదు. పిల్ల చచ్చిపోతుంది.

ఇది కోడి కడుపులోకి ఎలా వస్తుంది? ఆడపురుగు రోజూ వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అవి రెట్టతో నేలమీద పడతాయి. పడిన వెంటనే వాటివల్ల ప్రమాదం లేదు. నేల కొంచెం తడిగా, వెచ్చగా ఉంటే రెండు వారాలు తిరిగేసరికి ఆ గుడ్డులో పురుగుపిల్ల తయారవుతుంది. అప్పుడు మరో కోడి ఆ మట్టిని గీరి, గింజతోపాటు దాన్ని మింగుతుంది. పిల్లపురుగు పేగులో బయటపడి, కొన్నాళ్ళు పేగు గోడలో దూరి అక్కడ గాయం చేసి, తిరిగి బయటికి వచ్చి పెద్దదవుతుంది. మింగిన అయిదు నుంచి ఎనిమిది వారాలలో అదీ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. పెరడు చిన్నది, కోళ్ళు ఎక్కువ, ఏడాది పొడుగునా అదే నేల. ఇక ఆ చక్రం ఆగమంటే ఎందుకు ఆగుతుంది?

ఈ పురుగు ఎప్పుడో అరుదుగా ఇంకొక వింత చేస్తుంది. కోడి శరీరంలో పేగూ, గుడ్డు వచ్చే దారీ చివరకు ఒకే ద్వారం దగ్గర కలుస్తాయి. దారితప్పిన పురుగు పేగులోంచి గుడ్డు దారిలోకి ఎగబాకితే, తెల్లసొనతోపాటు దానిచుట్టూ కూడా పెంకు కట్టుకుపోతుంది. అమ్మ అట్లు వేద్దామని గుడ్డు కొడితే గిన్నెలో పురుగు! ఇది మనుషుల కడుపులో బతికే పురుగు కాదు కాబట్టి భయపడనక్కరలేదు. కాని ఆ ఇంట్లో ఇంక కొన్నాళ్ళు ఎవరూ గుడ్డు ముట్టరు.

ఒకే పెరట్లో తిరిగిన కోళ్ళన్నీ ఒకే మాదిరిగా జబ్బుపడవు. కొన్ని చిక్కిపోతాయి, కొన్ని నిక్షేపంలా ఉంటాయి. ఇదేమిటని కాన్సస్ రాష్ట్రంలోని మన్‌హటన్ అనే ఊళ్ళో, అక్కడి వ్యవసాయ కళాశాలలో జేమ్స్ ఆకర్ట్ అనే ఆచార్యుడు ఎన్నో ఏళ్ళు పరిశోధించాడు. న్యూయార్క్‌లోని మన్‌హటన్ కాదు సుమా, ఇది గోధుమచేల మధ్య ఊరు. విటమిన్ ఎ చాలని మేత తిన్న కోడిపిల్లలలో పురుగులు ఎక్కువగా ఉండడమే కాక, ఎక్కువ పొడుగు కూడా పెరుగుతాయని ఆయనా ఆయన సహచరులూ 1931లో ప్రకటించారు. 1935లో వేరువేరు జాతుల కోళ్ళను పోల్చి చూశారు. తెల్లని లెగ్‌హార్న్ కోడికంటె బరువైన రోడ్ ఐలండ్ రెడ్, ప్లిమత్ రాక్ కోళ్ళు పురుగులను బాగా తట్టుకున్నాయి. 1939లో మరొక సంగతి చెప్పారు. కోడి పెద్దదయ్యేకొద్దీ పేగు గోడలో జిగురు తయారుచేసే కణాలు పెరుగుతాయట. ఆ జిగురు పురుగును ఎదగనివ్వదు. కనుక మూడు నెలలు దాటిన కోడికంటె పసిపిల్లకే ప్రమాదం ఎక్కువ. మీరు కొత్తగా తెచ్చిన పిల్లలను పెద్దకోళ్ళు తిరిగిన పాత నేలమీద వదలకూడదనడానికి కారణం ఇదే.

తక్కినవాటిలో బద్దెపురుగును గుర్తుపట్టడం తేలిక. అది టేపులాగా బల్లపరుపుగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. చివరి కణుపులు తెగి రెట్టమీద పడతాయి. చూడడానికి నూకల్లాగా ఉంటాయి, కాసేపు మెదులుతాయి కూడా. దీని గుడ్డును కోడి నేరుగా మింగినా ఏమీ కాదు. ఆ గుడ్డును ముందు చీమో, పెంకుపురుగో, ఈగో, నత్తో తినాలి. ఆ చీమను కోడి తినాలి. అప్పుడే పురుగు. మధ్యలో ఇలా మోసుకొచ్చే జీవిని మాధ్యమిక ఆతిథేయి అంటారు. ఇక వెంట్రుకపురుగు అని ఒకటుంది. పేరుకు తగ్గట్టే వెంట్రుకంత సన్నం. కంటికి కనబడడం కష్టం, చేసే చెడుపు మాత్రం పెద్దది. దీనిలో కొన్ని జాతులు వానపాముల ద్వారా వస్తాయి.

ఇప్పుడు ఆ వాసన రెట్టల సంగతికి వస్తాను. కోడికి చిన్నపేగు ముగిసేచోట రెండు సంచులుంటాయి. ఒకవైపే ద్వారం ఉన్న గొంది వంటివి. వాటిని అంధనాళాలంటారు. ఆ బంక రెట్ట వచ్చేది అక్కడినుంచే. వాటిలో సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవుండే ఒక తెల్లని సన్నపురుగు కాపురం ఉంటుంది. పేరు హెటిరాకిస్. ఇది కోడికి చెప్పుకోదగిన బాధ పెట్టదు. కోడి తింటుంది, తిరుగుతుంది, గుడ్డు పెడుతుంది. అయితే ఇక దీనితో మనకేం పని అంటారా? అమెరికాలో వేలకొద్దీ టర్కీ కోళ్ళు చచ్చిపోవడం వెనుక ఉన్నది ఈ సాధువులాంటి పురుగే. ఆ కథ కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి.

రోడ్ ఐలండ్ అమెరికాలోకెల్లా చిన్న రాష్ట్రం. కోళ్ళంటే ఎంత ఇష్టమంటే, 1954లో ఆ రాష్ట్రం తన రాష్ట్రపక్షిగా రోడ్ ఐలండ్ రెడ్ కోడిని ఎన్నుకుంది. పూర్వం అక్కడి రైతులు టర్కీ కోళ్ళనూ బాగా పెంచేవారు. నవంబరు నెలలో థాంక్స్‌గివింగ్ పండుగకు అవి కావాలి కదా. అలాంటిది 1890 ప్రాంతాలలో టర్కీ పిల్లలు వరసబెట్టి చావసాగాయి. మేత మానేస్తాయి, రెక్కలు వాలుస్తాయి, గంధకంలాంటి పసుపుపచ్చని రెట్ట వేస్తాయి, చచ్చిపోతాయి. కొన్నిటికి తల నల్లబడినట్టు కనబడడంతో దీనికి నల్లతల తెగులని పేరు పడింది. నిజానికి తల నల్లబడని టర్కీలే ఎక్కువ. పేరొక్కసారి స్థిరపడితే ఎవరు మార్చగలరు?

అప్పుడు థియొబాల్డ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పనికి పూనుకున్నాడు. ఆయన 1859లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మనీనుంచి వలస వచ్చినవారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, మీలాగే. పశువులకు వచ్చే టెక్సస్ జ్వరాన్ని పిడుదులు మోసుకొస్తాయని 1893లో తన సహచరుడు కిల్బోర్న్‌తో కలిసి నిరూపించినవాడు ఈయనే. కుట్టే పురుగు రోగాన్ని మోస్తుందంటే అప్పటిదాకా చాలామంది నవ్వేవారు. ఆయన చచ్చిన టర్కీల అంధనాళాలనూ కార్జాలనూ మైక్రోస్కోపు కింద పరీక్షించి, వాటిలో ఒక ఏకకణజీవి ఉన్నదని 1895లో ప్రకటించాడు. తరవాత దానికి హిస్టొమొనాస్ అని పేరు వచ్చింది.

దొంగ దొరికాడు. కాని వాడు ఏ దారిన వచ్చాడో అంతుపట్టలేదు. ఈ ఏకకణజీవి ఎంత సుకుమారమైనదంటే, రెట్టతో బయటపడితే కొన్ని గంటలలో చచ్చిపోతుంది. మరి మొన్నటి ఏడు కోళ్ళు తిరిగిన నేలమీద ఈ ఏడు టర్కీలను వదిలితే అవెందుకు చస్తున్నాయి? ఏడాదిపాటు ఆ రోగం ఎక్కడ దాక్కున్నది? ఈ చిక్కుముడి విడడానికి ఇరవై అయిదేళ్ళు పట్టింది.

1920లో ప్రిన్స్‌టన్‌లో స్మిత్, గ్రేబిల్ అనే మరో శాస్త్రజ్ఞుడూ కలిసి ఆ సాధువు పురుగు గుడ్లను, హెటిరాకిస్ గుడ్లను, టర్కీ పిల్లలకు తినిపించారు. పిల్లలకు నల్లతల తెగులు వచ్చింది!

మీకు బాలనాగమ్మ కథ తెలుసుకదా? మాయల ఫకీరు ప్రాణం వాడి ఒంట్లో ఉండదు, ఎక్కడో దూరాన ఒక చిలుకలో ఉంటుంది. అందుకే ఫకీరును ఎవరూ చంపలేకపోతారు. ఇక్కడా అదే మాయ. బయట గంటలసేపు కూడా బతకలేని ఏకకణజీవి పురుగుగుడ్డు లోపల దూరి కూర్చుంటుంది. ఆ గుడ్డుకు దళసరి పెంకు. వానకు తడిసినా, మంచు కురిసినా, అది మట్టిలో రెండు మూడేళ్ళు చెడకుండా ఉండగలదు. అది చాలదన్నట్టు ఆ మట్టిని వానపాము తింటుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లపురుగులు వానపాము ఒంట్లో పోగుపడతాయి. వాన వెలిశాక వానపాములు పైకి వస్తాయి. టర్కీకి వానపాము అంటే జీడిపప్పు. చూడండి, టర్కీలో వానపాము, వానపాములో పురుగు, పురుగులో ఏకకణజీవి!

ఈ కథ నూరేళ్ళ కిందటిదే అయినా తీరిపోయింది కాదు. ఈ తెగులుకు వాడే చివరి మందులో ఆర్సెనిక్, అంటే పాషాణం, ఉండేది. అది 2015 చివరికల్లా అమెరికా మార్కెట్టునుంచి తొలగిపోయింది. ఇప్పుడు టర్కీల నల్లతల తెగులుకు ఈ దేశంలో అనుమతి పొందిన మందు ఒక్కటి కూడా లేదు. కాబట్టి మీ ఇంట్లో కోళ్ళతోపాటు రెండు టర్కీలను కూడా పెంచుదామని నాన్నగారు సరదాపడితే మీరు గట్టిగా అడ్డం పడండి. కోళ్ళున్న పెరట్లోనే కాదు, మొన్నమొన్నటిదాకా కోళ్ళు తిరిగిన నేలమీద కూడా టర్కీలను వదలకూడదు.

సరే, పురుగు ఉందో లేదో, ఉంటే ఏదో తెలుసుకునేదెలా? దీనికి మీ వంటింట్లోనే ఒక పాఠం ఉంది. గ్లాసెడు మంచినీళ్ళలో తాజా కోడిగుడ్డు వేయండి, మునుగుతుంది. ఆ నీళ్ళలో ఉప్పు వేసి కలుపుతూ పోండి. ఉప్పునీళ్ళు చిక్కబడి గుడ్డుకంటె బరువెక్కేసరికి గుడ్డు పైకి తేలుతుంది. పురుగుల గుడ్డు కూడా అంతే. ఇక కరగదన్నంత ఉప్పు వేసిన నీళ్ళలో కొంచెం తాజా రెట్ట కలిపి, సన్నని జల్లెడలో వడపోసి, చిన్న సీసాలో నిండా పోసి, మూతికి ఆనేటట్టు పలచని గాజుపలక పెట్టి పావుగంట ఉంచితే, గుడ్లు తేలి వచ్చి గాజుకు అంటుకుంటాయి. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూడడమే. జల్లెడ మాత్రం ఇందుకోసం వేరే కొనండి. అమ్మ టీ వడపోసే జల్లెడ తీసుకున్నారా, తరవాత జరిగేదానికి నా పూచీ లేదు.

ఏలికపాము గుడ్డు కోలగా, నునుపైన దళసరి పెంకుతో ఉంటుంది. పదమూడు గుడ్లను వరసగా పేరిస్తే మిల్లీమీటరు అవుతుంది, అంత చిన్నవి. హెటిరాకిస్ గుడ్డు ఇంచుమించు అలాగే ఉంటుంది. రెండింటికీ తేడా చెప్పడం నాలాంటివాళ్ళకు కూడా కష్టమే. వెంట్రుకపురుగు గుడ్డు మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. నిమ్మకాయ ఆకారంలో ఉండి, రెండు కొసలా రెండు బిరడాలు బిగించినట్టుంటుంది. బద్దెపురుగు గుడ్లు ఈ పరీక్షలో తరచు దొరకవు. దానికి ఆ నూకలను వెతకడమే మేలు.

ఇంట్లో మైక్రోస్కోపు లేకపోతే దిగులు లేదు. పశువైద్యుడి దగ్గరికి తాజా రెట్ట తీసుకుపోతే చాలు, కోడిని తీసుకుపోనక్కరలేకుండా కూడా పరీక్ష చేయించవచ్చు. 1914లో వచ్చిన ఒక చట్టంవల్ల ఈ దేశంలో విశ్వవిద్యాలయాల వ్యవసాయ విజ్ఞానాన్ని జనానికి చేర్చే విస్తరణ కార్యాలయాలు కౌంటీలలో ఏర్పడ్డాయి. అక్కడివారు ఎవరిని అడగాలో చెబుతారు. ఫోర్ హెచ్ సంఘాలలో మీ ఈడు పిల్లలే కోళ్ళను పెంచి, కౌంటీ ఫెయిర్‌లో ప్రదర్శిస్తారు. కోడి చచ్చిపోతే ఊరికే పాతిపెట్టకుండా రాష్ట్ర పశురోగ పరీక్షాలయానికి పంపమని నేను చెబుతుంటాను. ప్రేమగా పెంచుకున్న కోడిని కోసి చూస్తారంటే బాధగానే ఉంటుంది. నాకు తెలుసు. కాని మిగిలిన కోళ్ళ ప్రాణం ఆ ఒక్క పరీక్షమీద ఆధారపడి ఉండవచ్చు.

పురుగు ఏదో తెలిశాక మందు. అమెరికాలో ఇప్పుడు గుడ్లు పెట్టే కోళ్ళకు అనుమతి ఉన్న మందు ఫెన్‌బెండజోల్. అది పురుగు ఒంట్లోకి చక్కెర చేరకుండా చేస్తుంది. పురుగు ఆకలితో మాడి చస్తుంది. ఎన్నాళ్ళో మన కోడి అన్నం తిన్నదానికి అదే శాస్తి. ఏలికపాముకు, అంధనాళపు పురుగుకు ఇది పనిచేస్తుంది. మోతాదు ఎంతో తెలుసా? కోడి కిలో బరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము చొప్పున, తాగే నీళ్ళలో కలిపి వరసగా 5 రోజులు. లెక్క వేయండి. రెండేసి కిలోల కోళ్ళు ఆరు ఉంటే రోజుకు 12 మిల్లీగ్రాములు. ఆ మందు ఒక మిల్లీలీటరులో 200 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే మీ ఆరు కోళ్ళకూ కలిపి రోజుకు 0.06 మిల్లీలీటరు. ఒక చుక్కకంటె కాస్త ఎక్కువ! వేలకొద్దీ కోళ్ళున్న షెడ్లకోసం తయారైన మందు అది. పెరట్లో వాడేవాళ్ళు చెంచాతో పోస్తే ఏమవుతుందో ఊహించండి. అందుకే కొలత పశువైద్యుడు చెప్పాలి, పోయడం పెద్దవాళ్ళు చేయాలి. పోసేవాళ్ళ పక్కన నిలబడి లెక్క సరిచూడడం మీ వంతు.

ఈ మందును ఈ మోతాదులో వాడినప్పుడు గుడ్లు పారేయనక్కరలేదు. అన్ని మందులూ అలా కావు. పూర్వం ఎక్కువగా వాడిన పైపరజీన్ ఏలికపామునొక్కదాన్నే పడగొట్టేది. మనం తినే గుడ్లు పెట్టే కోళ్ళకు వాడరాదని ఆ సీసామీదనే రాసి ఉండేది. గొర్రెలమందు, గుర్రాలమందు ఏది దొరికితే అది కోళ్ళకు పోసేవాళ్ళున్నారు. మీ కోడి మీకు ముద్దుల కూన కావచ్చు. చట్టం దృష్టిలో మాత్రం అది మనుషులకు తిండినిచ్చే జంతువు. అనుమతి లేని మందును దానికి వాడాలంటే 1994నాటి చట్టం ప్రకారం పశువైద్యుడే నిర్ణయించి, గుడ్లు ఎన్నాళ్ళు తినకూడదో చెప్పాలి. బద్దెపురుగుకు, వెంట్రుకపురుగుకు ఈ దారే. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏడాది పొడుగునా మందు పోస్తూ పోతే, కొన్నాళ్ళకు ఆ మందుకు చావని పురుగులే మిగులుతాయి. గొర్రెలలో ఇప్పటికే అలా జరిగింది.

వెల్లుల్లి, గుమ్మడిగింజలు, సముద్రపు మట్టిలాంటి ఒక తెల్లపొడి, ఇవి పెడితే పురుగులు పోతాయని అంగళ్ళలో చెబుతారు. గుమ్మడిగింజలు పెట్టండి, కోళ్ళు ఇష్టంగా తింటాయి. కాని పురుగులు నిండిన కోడికి వాటినే నమ్ముకోవడానికి గట్టి రుజువు లేదు. ఆ తెల్లపొడి గాలిలో లేస్తే కోడి ఊపిరితిత్తులకూ మీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

ఒక సంగతి మరిచిపోకండి. మందు కోడి కడుపులోని పురుగును చంపుతుంది. నేలమీది గుడ్డును చంపదు. అవాళ శుభ్రపడిన కోడి రేపు అదే మట్టిని గీరుతుంది. కాబట్టి సగం వైద్యం పెరటికి చేయాలి. పురుగుగుడ్డుకు శత్రువులు రెండే, ఎండా, పొడితనమూ. అరిజోనాలోని ఫీనిక్స్‌లో కోళ్ళు పెంచేవారికంటె ముసురుపట్టిన సియాటిల్‌లో పెంచేవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసింది ఇందువల్లనే. నీళ్ళ తొట్టి కింద ఎప్పుడూ చిత్తడి ఉంటుంది చూడండి, పురుగులకు అదే పురిటిల్లు. తొట్టిని ఎత్తుమీద పెట్టి, కింద గులకరాళ్ళు పోయండి. మేత నేలమీద చల్లకుండా డబ్బాలో పెట్టండి. రాత్రి గూటిలో పడిన రెట్టలను రోజూ ఎత్తితే, గుడ్డులో పిల్ల తయారుకాకముందే అది బయటికి పోయినట్టే. రెండు వారాల గడువుందని చెప్పాను కదా? గూటికి చక్రాలుంటే వారానికొకచోటికి జరపండి. అంతేకాదు, ఆకుకూరలు వేయండి, కాన్సస్ ఆచార్యుడి విటమిన్ ఎ గుర్తుందిగా. తోటకూర కాడలూ, కారెట్ ఆకులూ మీకు చెత్త, వాటికి విందు. కొత్తగా కొన్న కోడిని తెచ్చిన రోజే మందలో కలపకండి. నెల రోజులు వేరే ఉంచి, రెట్ట పరీక్ష చేయించి కలపండి.

మందు అయిపోయాక రెండు వారాలకు మరోసారి రెట్ట పరీక్ష చేయిస్తే పని జరిగిందో లేదో తెలుస్తుంది. చాలామంది ఈ రెండో పరీక్షను ఎగగొడతారు. మొదటిదానికంటె దాని విలువే ఎక్కువని నా అభిప్రాయం.

అన్నట్టు, కోడి పురుగు మీకు అంటదుగాని, కోళ్ళనుంచి సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి అంటుతుంది. దానివల్ల వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. ఏటా ఈ దేశంలో పెరటి కోళ్ళవల్ల పిల్లలకు ఈ జబ్బు వస్తూనే ఉంది. కోడిపిల్లను ముద్దుపెట్టుకోకండి, గూటికి వెళ్ళే చెప్పులు ఇంట్లోకి తేకండి. కోడిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఆ కిటికీ దగ్గర బల్లమీద రెండు మైక్రోస్కోపులు పెట్టాను. ఎడమవైపు దానిలో ఏలికపాము గుడ్డు ఉంది, కుడివైపు దానిలో బిరడాల నిమ్మకాయ. పక్కన సీసాలో ఉన్నది నిజమైన హెటిరాకిస్ పురుగు. భయం లేదు, చచ్చిందే. కోళ్ళున్న తొమ్మిదిమందీ ముందు రండి. అద్దానికి కన్ను మరీ ఆనించకుండా, మెల్లగా చూడండి.